ఆమేన్ దాకా

డ్రైవరు కళ్ళు మూసుకున్నాడంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. మా అన్నయ్య బస్సెక్కేవాళ్ళకి మాత్రం ఆయన కళ్ళు మూసుకుంటేనే ధైర్యం. రాయగడ నుంచి కొరాపుట్ వెళ్ళే ఆ సర్వీసు లక్ష్మీపురం ఘాటీ అనే కొండదారి మొదట్లో రెండు నిమిషాలు ఆగేది. అక్కడ రోడ్డు పక్కన కుంకుమ పూసిన రాయి ఒకటి ఉండేది. ప్రయాణికులు దిగి దాని దగ్గర కొబ్బరికాయ కొట్టేవారు, కాయ లేనివాళ్ళు అయిదు పైసలు విసిరేవారు. మా అన్నయ్య ఆదాము క్రైస్తవుడు. రాయికి దణ్ణం పెట్టడు, పెట్టేవాళ్ళని ఏమీ అనడు. బస్సు ముందుకొచ్చి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిటారుగా నిలబడి, బస్సులో ఉన్న అందరి కోసం ఏసు నేర్పిన పరలోక ప్రార్థన మొదటి నుంచి ఆమేన్ దాకా చెప్పుకునేవాడు. కాయ కొట్టినవాళ్ళు కూడా ఆయన కళ్ళు తెరిచేదాకా బస్సెక్కేవారు కాదు. ఇద్దరికీ చెప్పుకుంటే పోయేదేముందని కండక్టరు సన్యాసిరావు అనేవాడు.

మా నాన్న బొబ్బిలి వైపు నుంచి మిషన్ బడిలో పాఠాలు చెప్పడానికి రాయగడ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఆయన బాట పట్టి పంతులమ్మనయ్యాను. అన్నయ్యకి పుస్తకం కన్నా స్టీరింగు ఇష్టం. ఆయన భార్య దేవమణి మిషన్ వాళ్ళ చిన్న ఆసుపత్రిలో నర్సు. వాళ్ళకి పిల్లల్లేరు, నేను పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళింట్లోనే ఒక గదిలో ఉండేదాన్ని. నేనున్నది ఒక గదిలోనే అయినా నా నోరు ఇల్లంతా తిరిగేదని వదిన అంటుండేది. ఆ నోటితోనే చేసిన రెండు పనులు ఈ కథలో ఉన్నాయి. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. రెండింటికీ నేను బాధపడ్డాను.

అన్నయ్య ఆ రోజుల్లో భారీ మనిషి. సీట్లో కూర్చుంటే స్టీరింగు పొట్టకి ఆనేది. చేతులతో తిప్పుతున్నావా పొట్టతోనా అని స్టాండులో ఏడిపించేవారు. వేళకి తిండి లేదు, దొరికినప్పుడు మిరపకాయ బజ్జీలూ టీలూ. కడుపులో మంట అంటే సోడా తాగేవాడు. డెబ్బై ఒకటిలో ఒకనాడు కడుపులో పుండు పగిలి రక్తం కక్కుకున్నాడు. రైల్లో విశాఖపట్నం తీసుకెళ్ళాం. కడుపు మూడింట రెండు వంతులు కోసేసి, మిగిలినదాన్ని పేగుకి కలిపి కుట్టారు.

ఇంటికి పంపే రోజున అక్కడి డాక్టరుగారు అన్నయ్య మంచం మీద కూర్చుని, డ్రైవరుకి అర్థమయ్యే భాషలో చెప్పారు. తిండిలో రకరకాల సత్తువలుంటాయి. బీ పన్నెండు అనే విటమిను ఒకటుంది, అది నీ బస్సులో ప్రయాణికుడు లాంటిది. కడుపు దానికి టిక్కెట్టు కొడుతుంది. పేగు చివరి గేటు దగ్గర ఆ టిక్కెట్టు చూపిస్తేనే రక్తంలోకి రానిస్తారు. నీ కడుపులో టిక్కెట్లు కొట్టే చోటు దాదాపు అంతా తీసేశాం. ఇకమీదట నువ్వెంత మాంసం తిన్నా, ఎన్ని గుడ్లు తిన్నా ఆ ప్రయాణికుడు లోపలికి రాలేక బయటికే పోతాడు. అందుకని నెలకోసారి సూది వేయించుకో. సూదికి గేటుతో పనిలేదు, తిన్నగా లోపలికి పోతుంది. ఎన్నాళ్ళని అన్నయ్య అడిగాడు. బతికున్నన్నాళ్ళు అన్నారాయన. వదిన ఆ మాట కాగితం మీద రాయించుకుంది.

ఆరు నెలల్లో అన్నయ్య సగమయ్యాడు. పాత చొక్కాలో ఇద్దరు పట్టేలా ఉన్నాడు. లావుగా ఉండే షావుకార్లు కొందరు బస్సు ఆపి, ఏ మందు తిన్నావు, మాకూ చెప్పు అని అడిగేవారు. కడుపు కోయించుకోండి అనేవాడు అన్నయ్య. ఒకేసారి తినలేడు కాబట్టి చిన్న టిఫిన్ డబ్బాలో చోడి అంబలి, అదే రాగి జావ, పెట్టుకుని రెండు గంటలకోసారి నాలుగు గుక్కలు తాగేవాడు. ఒకసారి కొరాపుట్ స్టాండులో ఆశపడి రెండు జిలేబీలు తిని, పావుగంటలో చెమటలు పట్టి స్టీరింగు మీదికి వాలిపోయాడు. బస్సు ఆగి ఉంది కనుక బతికిపోయాం. ఆ తర్వాత తీపి జోలికి పోలేదు. నెలకోసారి వదిన సిరంజి నీళ్ళలో మరిగించి, దానిమ్మ రసంలా ఎర్రగా ఉండే ఆ మందు చేతికి ఎక్కించేది. రెండేళ్ళు అలా గడిచాయి. మనిషి సన్నగా ఉన్నా రాయిలా ఉన్నాడు.

ఆపరేషనై రెండేళ్ళు నిండాయని డెబ్బై మూడు చివర్లో ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టాం. పాస్టరుగారొచ్చారు, సంఘం అంతా వచ్చింది. మా వాళ్ళలో జబ్బు నుంచి లేచినవాడు నలుగురి ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. అన్నయ్యకి మాటలు రావు. ఎలా చెప్పాలో నేనే కాగితం మీద రాసిచ్చాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని సొంతంగా చెప్పాడు.

"దేవుడు నన్ను పూర్తిగా బాగుసేసీసేడు. నాకింక మందుతో పనిలేదు" అన్నాడు.

కాగితంలో ఆ రెండో మాట లేదు. ఊపులో నోటికొచ్చింది. అందరూ ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా నేనన్నాను. తర్వాత టీ, బూందీ పంచాం.

మరుసటి నెల వదిన స్టవ్ మీద సిరంజి పెట్టింది. అన్నయ్య చొక్కా చెయ్యి మడవలేదు. అంతమందిలో సాక్ష్యం చెప్పి మళ్ళీ చెయ్యి చాపితే దేవుణ్ణి అబద్ధమాడించినట్టు కాదా అన్నాడు. వదిన డాక్టరు రాసిన కాగితం తెచ్చి చూపించింది. ఆయన దాని వైపు చూడలేదు. నాకేసి చూశాడు. నేను పంతులమ్మని, తెలిసినదాన్ని, నా మాట ఇంట్లో చెల్లుతుంది.

"ఒగ్గీ వదినా, సూదొద్దు. మనిసి బాగానే ఉన్నాడు కదేటి" అన్నాను.

వదిన సిరంజి నీళ్ళలోంచి తీసి, తుడిచి, గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టేసింది. మొదట్లో నేను చెప్పిన తప్పు ఈ మాటే.

మానేస్తే ఏమీ కాలేదు. అదే మమ్మల్ని ముంచింది. వారంలో కళ్ళు తిరిగి పడిపోయి ఉంటే బుద్ధి వచ్చేది. కానీ మనిషి కాలేయంలో ఆ విటమిను ఏళ్ళకి సరిపడా నిలవ ఉంటుందట. లోపలికి కొత్తగా ఏమీ రాకపోయినా పాత నిలవతో ఒళ్ళు నడిచిపోతుంది. అన్నయ్య ఆ నిలవ తింటూ నాలుగేళ్ళు ఘాటీ ఎక్కాడు, దిగాడు. నలభై మందిని పొద్దున్న తీసుకెళ్ళి, నలభై మందిని సాయంత్రం తెచ్చాడు. లోపల అడుగంటుతున్న సంగతి ఆయనకీ తెలియదు, మాకూ తెలియదు. కూడికలో మాట నిజమైందని నేను మురిసిపోయేదాన్ని.

డెబ్బై ఏడులో మొదలైంది. ముఖం పాలిపోయింది. రెండు మెట్లెక్కితే ఆయాసం. నాలుక నున్నగా ఎర్రబడి, కాస్త కారం తగిలినా మండేది. వదిన నర్సు కళ్ళతో చూసింది, రక్తం తక్కువైందంది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి తను రోజూ ఇచ్చే ఇనుము మాత్రలూ, పసుపుపచ్చని ఫోలిక్ మాత్రలూ తెచ్చి రోజుకొక్కటి తన చేత్తో వేసింది. వాటితో ఎంతమంది తల్లులు లేచి కూర్చున్నారో ఆమెకి తెలుసు. సూది సంగతి ఎత్తితే ఇంట్లో గొడవ, మాత్రలంటే మందు కింద లెక్క కాదని అన్నయ్య మింగాడు. రెండు నెలల్లో ముఖం మీద రంగు తిరిగొచ్చింది. ఆయాసం పోయింది. వదిన తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది, నేనూ పీల్చుకున్నాను. ఆ రంగే మా కళ్ళకి గంతలు కట్టింది.

ఒకనాడు అన్నయ్య స్టాండు నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండో చెప్పు దారిలో ఎక్కడో జారిపోయింది, ఆయనకి తెలియలేదు. నేను పగలబడి నవ్వాను, మతిమరుపొచ్చిందన్నాను. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వదలదు. చెప్పు పోయినందుకు కాదు, పాదానికి నేల తెలియడం లేదని ఆయనకప్పటికే తెలుసు. అరికాళ్ళ కింద దూది పరిచినట్టుండేదట. ఎవరికీ చెప్పలేదు. కాళ్ళు పోయిన డ్రైవరుకి ఏం మిగులుతుంది? పైగా దేవుడు పూర్తిగా బాగుచేశాడని ఊరందరి ముందూ చెప్పిన నోరు అది.

డెబ్బై ఎనిమిది జూన్‌లో ఒక ఆదివారం చర్చిలో అందరం ప్రార్థనకి లేచి నిలబడ్డాం. పాస్టరుగారిది పొడుగు ప్రార్థన. నాకు మధ్యలో ఒక కన్ను తెరిచి చుట్టూ చూడడం చిన్నప్పటి నుంచి అలవాటు. మగవాళ్ళ వైపు చూశాను. అందరి తలలూ వంగి ఉన్నాయి. అన్నయ్య ఒక్కడే కళ్ళు పూర్తిగా తెరిచి, ముందు బల్లని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఎదుటి గోడ మీద ఒకచోటే చూస్తున్నాడు. మెడ మీద చెమట. నాకు ఒళ్ళు మండింది. ఈయనకి భక్తి తగ్గిందనుకున్నాను. అంతకుమించి నా బుర్రకి తట్టలేదు.

ఇంటికొచ్చే దారిలో అడిగేశాను. "పార్థనలో కళ్ళు మూసుకోలేదేటి అన్నయ్యా?"

"నాను మూసుకోలేదని నీకెలగ తెలిసింది?" అన్నాడు.

వదిన పక్కనే ఉంది, తనెప్పుడూ కళ్ళు గట్టిగా మూసుకునే మనిషి. నేను చూశానని ఒప్పుకుంటే ఇన్నేళ్ళ దొంగచూపులూ బయటపడతాయి. పంతులమ్మని, ఆదివారం బడిలో పిల్లల్ని కళ్ళు మూసుకోమని బెత్తంతో బెదిరించేదాన్ని. చిన్న సిగ్గు కోసం పెద్ద సంగతి మింగేశాను. అన్నయ్యా అంతే చేశాడు. ఒకే తల్లి పిల్లలం కదా.

ఆగస్టులో ఒక పొద్దున్న పెరట్లో కొళాయి దగ్గర ఆయన ముఖానికి సబ్బు రాసుకుంటున్నాడు. కళ్ళు మూశాడో లేదో, ఎవరో వెనక నుంచి లాగినట్టు పక్కకి తూలి గోడ పట్టుకున్నాడు. ఏమైందంటే సబ్బు కళ్ళలో పడిందన్నాడు. ఆ రోజే నేను ఆయన బస్సులో కొరాపుట్ వెళ్ళాలి, విద్యాశాఖ ఆఫీసులో పని. ఆరు గంటలకి బస్సెక్కి, డ్రైవరు వెనక ఆడవాళ్ళ సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాను. నాకు అక్కడి నుంచి ఆయన మోకాళ్ళూ, చెప్పుల్లేని పాదాలూ కనిపిస్తున్నాయి. చెప్పు జారినా తెలియదని వాటిని వదిలేశాడని అప్పుడు నాకు తెలియలేదు.

ఘాటీ మొదట్లో బస్సాగింది. అంతటా పొగమంచు, రాయి దగ్గర నిలబడ్డ మనుషులు కూడా మసకగా కనిపిస్తున్నారు. కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. అన్నయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని బస్సు ముందు నిలబడ్డాడు. నేను ముందు అద్దంలోంచి చూశాను. ఎడమ చెయ్యి మడ్‌గార్డు మీద ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా ఆ చోట కళ్ళు మూసుకున్న మనిషి, తెరిచిన కళ్ళతో పెదవులు కదుపుతున్నాడు. పొద్దుటి కొళాయి, జూన్ నెల చర్చి, ఒంటి చెప్పు, మూడూ ఒకదాని వెనక ఒకటి నా కళ్ళ ముందుకొచ్చాయి. ఏదో చెప్పాలని లేచేలోగా ఆయన సీట్లో కూర్చుని గేరు వేశాడు.

ఘాటీలో ఆయన ఎలా నడుపుతున్నాడో అప్పుడు చూశాను. మలుపొచ్చిన ప్రతిసారీ రోడ్డు మీద నుంచి చూపు తీసి కిందికి చూస్తున్నాడు. బ్రేకు మీద కాలుందో లేదో కళ్ళతో చూసుకుంటున్నాడు. తర్వాత మళ్ళీ రోడ్డు. మళ్ళీ కాలు. ఆ కాలు మీద చూపున్న క్షణం రోడ్డు మీద ఎవరూ లేరు. ఎడమవైపు కొండ, కుడివైపు లోయ, మధ్య రెండు బళ్ళు ఒరుసుకుపోయేంత దారి, దాన్నీ మంచు మింగేసింది. నా వెనక నలభై మంది. ఒక దేశియా గిరిజన తల్లి బిడ్డకి పాలిస్తోంది. సన్యాసిరావు తలుపు దగ్గర ఊగుతూ ఎవరితోనో కబుర్లాడుతున్నాడు. అరిస్తే అన్నయ్య ఉలిక్కిపడతాడని భయం, అరవకపోతే ఏమవుతుందోనని భయం. సీటు రాడ్డు పట్టుకుని, చూడన్నయ్యా, రోడ్డు చూడు అని గొంతులోనే అనుకుంటూ కూర్చున్నాను. నా జన్మలో అంత నిజాయితీగా నేనెప్పుడూ ప్రార్థన చేయలేదు. కళ్ళు మాత్రం మూయలేదు.

దిగుడులో మూడో మలుపు దగ్గర మంచులోంచి లారీ దీపాలు కనిపించాయి. అన్నయ్యకి ఈసారి కిందికి చూసే వ్యవధి లేదు. కాలు వేశాడు. అది బ్రేకు మీద పడలేదు, అంచు తగిలి జారి పక్కనున్న యాక్సిలరేటరు మీద పడింది. బస్సు ఆగాల్సింది పోయి ఒక్కసారి ముందుకి దూకింది. స్టీరింగు కుడికి కోసి, హ్యాండ్ బ్రేకు రెండు చేతులతో లాగాడు. లారీ మా ఎడమ పక్క నుంచి గీరుకుంటూ పోయింది. ముందు చక్రం రోడ్డంచున నాటిన రాయికి కొట్టుకుని బస్సు ఆగింది. కుడివైపు కిటికీల్లోంచి నేల కనిపించలేదు.

ముందుగా బిడ్డ ఏడ్చింది. అందరం ఎడమ తలుపులోంచి ఒక్కొక్కరం దిగాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మంచు చేసిందని కొందరు, లారీవాడి తప్పని కొందరు, మన ఆదాము కాబట్టి ఆపాడు, ఇంకొకడైతే లోయలో ఉండేవాళ్ళమని ఇంకొందరు. ఒక ముసలాయన అన్నయ్య చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. సన్యాసిరావూ మగవాళ్ళందరూ కలిసి బస్సుని వెనక్కి నెట్టారు. ఇంజను బాగానే ఉంది. మంచు కాస్త పలచబడగానే బయల్దేరదామని అన్నయ్య అన్నాడు.

అప్పుడు చూశాను ఆయన కుడి పాదం. బొటనవేలి గోరు సగానికి లేచిపోయి, పాదం కింద నేల రక్తంతో తడిసింది. ఆయన దాని మీదే బరువు పెట్టి నిలబడ్డాడు. వేలు చూసుకో అన్నాను. వంగి చూసి, ఎవరిదో వేలు చూసినట్టు చూశాడు. ఎప్పుడు తగిలిందని అడిగితే తెలియదన్నాడు.

ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి మెల్లగా అడిగి ఉండొచ్చు. తర్వాత చాలామంది నాతో ఆ మాటే అన్నారు. కానీ పక్కకి తీసుకెళ్తే ఆయన బతిమాలుతాడు, నేను కరిగిపోతాను. అయిదేళ్ళ కిందట ఒకసారి కరిగిపోయి ఏం చేశానో అప్పటికి నాకు తెలియకపోయినా, నా సంగతి నాకు తెలుసు. అందుకని అందరూ వింటుండగానే అన్నాను.

"అన్నయ్యా, బండెక్కక ముందు ఇందాకటి పార్థన మళ్ళీ సెయ్యి. ఏటీ పట్టుకోకుండా, కళ్ళు మూసుకుని సెయ్యి."

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. వద్దమ్మీ అని అడుక్కుంటున్న చూపు. మా నాన్న పోయిన రోజున కూడా మా అన్నయ్య అలా చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు, ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలచుకుంటూ, చెప్పు ఆదామూ, చెప్పు అన్నారు. ఆయన ప్రార్థన అంటే వాళ్ళకి నమ్మకం మరి.

అన్నయ్య తలగుడ్డ తీశాడు. చేతులు కట్టుకున్నాడు. కళ్ళు మూశాడు.

రెండు మాటలైనా పెదవుల మీదికి రాలేదు. నరికిన చెట్టులా పక్కకి ఒరిగిపోయాడు. సన్యాసిరావు అందుకోకపోతే తల రాయికి తగిలేది. లేపి నిలబెడితే, కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ నిలబడ్డాడు. అందరూ చూశారు. ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. చేతులు కళ్ళకద్దుకున్న ముసలాయన తన మూట తీసుకుని రోడ్డు మీద నడక మొదలుపెట్టాడు. మిగతావాళ్ళూ మెల్లగా కదిలారు. అన్నయ్య తాళం చెవి తీసి, నాకు కాదు, సన్యాసిరావు చేతిలో పెట్టాడు.

వెనకొచ్చిన లారీలో కొరాపుట్ చేరాం. అక్కడి ఆసుపత్రిలో ఒక వయసైన ఒరియా డాక్టరు, మోగే చువ్వ లాంటిది చీలమండ మీద ఆనించి, దాని అదురు తెలుస్తోందా అని అడిగాడు. తెలియడం లేదన్నాడు అన్నయ్య. మోకాలి మీద పెట్టాడు. అదీ తెలియలేదు. కళ్ళు మూయించి బొటనవేలు పైకి కిందికి వంచి ఎటు వంచానో చెప్పమంటే, చదువురాని పిల్లాడిలా ఊహించి చెప్పాడు. కాలికి నేల తెలియనివాణ్ణి కళ్ళే నిలబెడతాయి, అవి మూస్తే పడిపోతాడన్నాడు డాక్టరు. కడుపు మీద కుట్టు మచ్చ చూసి డాక్టరు ఆగిపోయాడు. సూదులు వేయించుకుంటున్నావా అన్నాడు. అన్నయ్య నాకేసి చూశాడు. నేను నేలకేసి చూశాను.

కబురందుకుని సాయంత్రానికి వదిన మాత్రల సీసాతో సహా వచ్చింది. ఏ మందులిచ్చారని డాక్టరు అడిగితే బల్ల మీద పెట్టింది. ఆయన తిట్టలేదు, తిట్టినా బాగుండేది. నిదానంగా చెప్పాడు. బీ పన్నెండు లేకపోతే రక్తమూ చెడుతుంది, నరాలూ చెడతాయి. ఈ పసుపుపచ్చ మాత్ర రక్తాన్ని బాగుచేస్తుంది, నరాలని చెయ్యదు. ముఖం పాలిపోయి ఉంటే ఏడాది కిందటే ఎవరో ఒకరు ఆసుపత్రికి తెచ్చేవారు. మాత్రలు ముఖానికి రంగు వేశాయి, కింద వెన్నుపాములో నరాలు మాడిపోతూనే ఉన్నాయి. ఈ మధ్య పోయినవి తిరిగి రావచ్చు, ముందు పోయినవి రావు. బండి మాత్రం ఇక వద్దు.

వదిన ఏడవలేదు. "రోజుకొకటి, నా సేత్తోనే ఏసేను" అంది. ఆ తర్వాత చాలా రోజులు ఆ చేత్తో ఆయనకి అన్నం కూడా వడ్డించలేదు, నన్ను వడ్డించమనేది.

అన్నయ్య నాతో మాట్లాడలేదు. ఒక రోజు కాదు, ఇరవై రెండు రోజులు. వదినతో మాత్రం, నలభై మందిలో నా సెల్లెలు నన్ను పడగొట్టేసింది అన్నాడట. నిజమే, పడగొట్టాను. రోజూ ఏడ్చాను. ఇప్పుడు మళ్ళీ ఆ మలుపు దగ్గర నిలబెట్టినా అదే మాట అంటాను. బస్సు యజమాని దయ గలవాడు, స్టాండులో టైమ్‌కీపరు పని ఇచ్చాడు. ఇరవై ఏళ్ళు నడిపిన బస్సు బయల్దేరుతుంటే బెంచీ మీద కూర్చుని ఈల వేయడం ఆయన పని. పాస్టరుగారు ఇంటికొచ్చి, దేవుడు సూదితో కూడా పని చేస్తాడని ఓదార్చారు. ఆ ముక్క అయిదేళ్ళ ముందు కూడికలో చెప్పి ఉంటే మా బూందీ దండగయ్యేది కాదు కదయ్యగారూ అన్నాను. వదిన నన్ను గిల్లింది.

సూదులు మళ్ళీ మొదలయ్యాయి. మొదట రెండు వారాలు రోజూ, ఆ తర్వాత వారానికొకటి, చివరికి నెలకొకటి. అన్నయ్య చొక్కా చెయ్యి తనే మడిచేవాడు. సూది ముందు ఒక పరీక్ష పెట్టింది వదిన. అన్నయ్య గది మధ్యలో ఏమీ పట్టుకోకుండా నిలబడాలి, కళ్ళు మూసుకుని పరలోక ప్రార్థన పైకి చెప్పాలి. ఎంతవరకు చెప్పగలిగితే నరాలు అంతవరకు తిరిగొచ్చినట్టు. ముందు వదిన, వెనక నేను. వదిన అలవాటు కొద్దీ కళ్ళు మూసుకునేది, అందుకని పట్టుకునే పని నాది. మొదటి వారం తండ్రిని పిలిచి ముగించేలోగానే నా చేతుల్లో పడ్డాడు. నెల తిరిగేసరికి నీ చిత్తము అనే మాట దాకా వచ్చాడు. అక్కడి నుంచి రోజువారీ ఆహారం అడిగే మాట దగ్గరికి చేరి అక్కడ ఆగిపోయాడు. ప్రతిసారీ అక్కడే, ఆ ఆహారం అనే మాట నోట్లో ఉండగానే తూలేవాడు. చిత్రం ఏమీ లేదు, ఆ మాట వచ్చేసరికి పట్టే సమయం అంత. అయినా ముగ్గురికీ ఒకటే తట్టేది. తిన్నది ఒంటికి పట్టని మనిషి ఆ మాట దాటలేకపోతున్నాడు. చలికాలమంతా ఆ మాట దగ్గరే గడిచింది.

ఆ దినాల్లో నేను లోపల్లోపల ఒకటే అడుక్కున్నాను. ఆయన బస్సు నడపనక్కర్లేదు, చర్చిలో అందరితో పాటు కళ్ళు మూసుకుని నిలబడితే చాలని. డాక్టరు చెప్పిన గడువు ఏడాది. ఏడాదిలో రానిది ఇక రాదు.

డెబ్బై తొమ్మిది ఆగస్టు, మళ్ళీ మంచు రోజులు. వదిన సిరంజి మరిగించి పక్కన పెట్టింది. అన్నయ్య గది మధ్యలో నిలబడి కళ్ళు మూశాడు. ఆహారం దాటాడు. క్షమాపణ అడిగే మాట దగ్గర కాస్త ఊగాడు, నా చేతులు ఆయన వీపుకి అంగుళం దూరం వెళ్ళి ఆగాయి. ఆయన కాలి వేళ్ళు నేలని పట్టుకోవడం చూశాను, పక్షి కొమ్మని పట్టినట్టు. శోధన అనే మాటా దాటాడు. గొంతు వణుకుతోంది, మనిషి వణకడం లేదు. చివరి మాట వచ్చింది. ఆమేన్ అని వదిన కూడా అంది. నేను మాత్రం చేతులు చాపే ఉంచాను.

ఆయన వెంటనే కళ్ళు తెరవలేదు. అలాగే నిలబడి, వెనక్కి తిరక్కుండా అడిగాడు.

"వసంతా, నువ్వు కళ్ళు మూసుకున్నావేటి?"

"లేదన్నయ్యా. తెరిసే ఉన్నాను."

"ఎప్పుడూ మూయకు అమ్మీ" అన్నాడు, చొక్కా చెయ్యి మడుస్తూ.